వ్యవసాయ పాత్రికేయం: మన పిల్లలు నడవదగిన దారి

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువు ముగించిన పిల్లలు ఏ వృత్తుల వైపు వెళ్లవచ్చో చెప్పమని మమ్మల్ని పిలిచారు. ఇలాంటి సభల్లో డాక్టరు, ఇంజనీరు, సాఫ్ట్‌వేరు ఉద్యోగం, గల్ఫ్ ప్రయాణం గురించి తరచుగా వింటుంటాం. అవేవీ కాదనం. అయితే ఎవరూ పెద్దగా అడగని ఒక వృత్తి గురించి ఈ రోజు మాట్లాడదలచాం. అదే వ్యవసాయ పాత్రికేయం. రైతు గురించి, రైతు కోసం రాసే, చెప్పే, చూపించే పని. పత్రికల్లోనూ రేడియోలోనూ టీవీలోనూ ఈ పని చేస్తున్న కొందరం కూర్చుని మాట్లాడుకుని ఈ ప్రసంగం సిద్ధం చేసుకున్నాం. చదివేది ఒక్కరే అయినా మాట అందరిదీ. అందుకే ‘మేము’ అంటున్నాం.

ముందుగా ఈ పనిలో ఎంత బరువు ఉందో చెప్పాలి. ఒక పురుగుమందు మోతాదును శాస్త్రవేత్తలు హెక్టారు లెక్కన చెప్పారనుకోండి. విలేఖరి తొందరలో దాన్ని ఎకరానికి అని రాశాడనుకోండి. హెక్టారు అంటే సుమారు 2.47 ఎకరాలు. అంటే ఆ వార్త నమ్మిన రైతు దాదాపు రెండున్నర రెట్ల మందు కొడతాడు. సినిమా వార్తలో తప్పు దొర్లితే మర్నాడు ఒక సవరణ వేస్తే సరిపోతుంది. ఇక్కడ సవరణ వచ్చేసరికి పైరు మాడిపోయి ఉంటుంది, అప్పు మిగిలి ఉంటుంది, మందు కొట్టిన కూలీ ఆస్పత్రిలో ఉన్నా ఉండవచ్చు. ఒక్క మాట తేడాతో ఒక ఇంటి ఏడాది కష్టం పోగలదు. అదే చేత్తో సరైన మాట సరైన అదనులో రాస్తే ఒక ఊరు గట్టెక్కగలదు. మా వృత్తికి ఉన్న గౌరవమూ భయమూ ఇవే.

ఇది నిన్నమొన్న పుట్టిన వృత్తి కాదు. 1956లో పుణె ప్రాంతపు గ్రామాల్లో రేడియో గ్రామ గోష్ఠులు పెట్టి, రైతులు గుంపుగా కూర్చుని కార్యక్రమం విని, దాని మీద చర్చించుకునే ప్రయోగం చేశారు. 1960లలో తంజావూరు జిల్లాలో ఏ.డి.టి.-27 అనే వరి రకాన్ని తిరుచ్చి ఆకాశవాణి ఎంతగా ప్రచారం చేసిందంటే, అక్కడి రైతులు దానికి ‘రేడియో వరి’ అనే పేరే పెట్టుకున్నారు. 1967 జనవరి 26న ఢిల్లీ చుట్టుపక్కల 80 గ్రామాల కోసం టీవీలో ‘కృషి దర్శన్’ మొదలైంది. అప్పటికి దేశంలో చాలామంది టీవీ పెట్టె ముఖమే చూడలేదు.

మన తెలుగులో సంగతి ఇంకా గమనించదగ్గది. ‘అన్నదాత’ మాసపత్రిక 1969లో వచ్చింది. అదే సంస్థ ‘ఈనాడు’ దినపత్రికను మొదలుపెట్టింది 1974లో. అంటే రైతుల పత్రిక ముందు, దినపత్రిక ఆ తర్వాత. వ్యవసాయ శాఖ వారి ‘పాడిపంటలు’, వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి ‘వ్యవసాయం’, ‘రైతునేస్తం’, దినపత్రికల్లో సాగు పేజీలు, తెల్లవారుజామున టీవీలో వచ్చే రైతు కార్యక్రమాలు, ఆకాశవాణిలో వ్యవసాయ ప్రసారాలు, ఇప్పుడు సెల్‌ఫోనులో వీడియోలు. చదవడం రాని రైతు కూడా పొద్దున్నే టీ తాగుతూ ధరలు విన్న దేశం మనది. వినేవారు ఎప్పుడూ ఉన్నారు. నమ్మకంగా చెప్పేవారే చాలడం లేదు.

వ్యవసాయ విలేఖరి పని మూడు చోట్ల ఉంటుంది. పొలంలో, మార్కెట్‌ యార్డులో, ఆఫీసుల్లో. ఈ మూడింటినీ కలిపి చూడగలిగితేనే వార్త నిలుస్తుంది. ఒక్క చోటే తిరిగేవాడికి సగం కథే దొరుకుతుంది.

పొలం సంగతి చూద్దాం. మిరప తోటలో ఆకులు ముడుచుకున్నాయి. ‘తెగులు సోకింది’ అని రాసేస్తే సరిపోదు. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. రెండింటికీ మందులు వేరు. పురుగును తెలుసుకోకుండా మందు చెబితే రైతు డబ్బు కాలువలో పోసినట్టే. 2021 చివరలో మన రెండు రాష్ట్రాల మిరప తోటల మీద నల్ల తామర పురుగు విరుచుకుపడింది. అది పూతలో చేరి కాయ పట్టకుండా చేసింది. రైతులు మందు మీద మందు కొట్టారు, పెట్టుబడి పెరిగింది, కాపు తగ్గింది. అలాంటప్పుడు రైతుకు కావలసింది కన్నీటి కథ ఒక్కటే కాదు. పురుగు ఏది, ఏ మందు పని చేయదు, ఎప్పుడు ఖర్చు ఆపాలి అన్నది చెప్పేవాడు కావాలి. మందు డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలు ఉంటాయి. విషతీవ్రత ఎరుపులో అన్నిటికంటే ఎక్కువ, ఆకుపచ్చలో తక్కువ. ఈ చిన్న విషయం తెలియని కూలీలు ఇంకా ఉన్నారంటే అది చెప్పాల్సిన మా పని మిగిలి ఉందన్నమాటే.

రైతు కాలాన్ని కార్తెలతో లెక్కపెడతాడు. మృగశిర, ఆరుద్ర, పునర్వసు అంటాడు. శాస్త్రవేత్త తేదీలతో చెబుతాడు. రైతు వరి దిగుబడిని ఎకరానికి ఇన్ని బస్తాలు అంటాడు. ప్రభుత్వ లెక్క హెక్టారుకు ఇన్ని కిలోలు అంటుంది. 75 కిలోల బస్తాలు ఎకరానికి 30 పండాయంటే 22.5 క్వింటాళ్లు. అదే హెక్టారుకైతే సుమారు 55 క్వింటాళ్లు. ఆంధ్రలో ఎకరానికి 100 సెంట్లు, తెలంగాణలో 40 గుంటలు. ఈ రెండు భాషల మధ్య తప్పు పోకుండా అటూ ఇటూ తిరగగలిగినవాడే వ్యవసాయ విలేఖరి. రైతు ‘బీపీటీ’ అన్నాడంటే బాపట్లలో పుట్టిన సాంబ మసూరి 5204 అనీ, ‘ఎంటీయూ’ అన్నాడంటే మారుటేరు రకమనీ వెంటనే తట్టాలి. తట్టకపోతే రైతు రెండో మాట చెప్పడు, మర్యాదగా టీ ఇచ్చి పంపేస్తాడు.

ఇక మార్కెట్‌ యార్డు. ‘మిర్చి ధర పెరిగింది’ అన్న ఒక్క ముక్కతో రైతుకు ఒరిగేది లేదు. ఏ రకం, తేజనా, 334నా, బ్యాడిగినా? మంచి సరుకా, తాలు కాయలా? యార్డుకు ఎన్ని టిక్కీలు వచ్చాయి? కమీషన్ ఎంత, హమాలీ ఎంత, తూకంలో తరుగు ఎంత తీశారు? రైతు చేతికి నికరంగా ఎంత వచ్చింది? బోర్డు మీది ధరకూ జేబులోకి వచ్చిన డబ్బుకూ మధ్య ఉన్న దూరమే అసలు వార్త. ధాన్యంలో తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో పేచీ. పత్తికి 8 శాతం తేమ దాటితే ధరలో కోత మొదలవుతుంది, 12 శాతం దాటితే కొనరు. వాన పడిన రాత్రి కల్లంలో ధాన్యం కుప్ప పక్కన కూర్చున్న రైతుకు ఆ అంకెలు ఎంత బరువో అక్కడికి వెళ్లి నిలబడితేనే తెలుస్తుంది.

మూడోది ఆఫీసు. ప్రతి ఏటా కేంద్రం మద్దతు ధరలు ప్రకటిస్తుంది. 2025–26కు సాధారణ రకం వరికి క్వింటాలు 2,369 రూపాయలు. 22 పంటలకు ఈ ధరలు ఉన్నాయి. సాగు ఖర్చు మీద 50 శాతం కలిపి ఇస్తున్నామని ప్రభుత్వం అంటుంది. ఇవ్వడం లేదని రైతు సంఘాలు అంటాయి. ఇద్దరూ అబద్ధం ఆడటం లేదు, ఎవరి లెక్క వారిది. రైతు చేతి నుంచి పెట్టిన ఖర్చు, ఇంటివారి శ్రమ విలువ కలిపితే ఒక లెక్క. దాన్ని ఏ2 ప్లస్ ఎఫ్‌ఎల్ అంటారు. సొంత భూమికి కౌలు, సొంత పెట్టుబడికి వడ్డీ కూడా కలిపితే ఇంకో లెక్క. అది సీ2. స్వామినాథన్ గారి అధ్యక్షతన జాతీయ రైతు కమిషన్ 2004 నుంచి 2006 దాకా ఐదు నివేదికలు ఇచ్చింది. అప్పటి నుంచీ నడుస్తున్న వాదం అంతా ఈ రెండు లెక్కల మధ్యనే. ఇరుపక్షాల ప్రకటనలూ పక్కపక్కన అచ్చువేయడం సులువు. తేడా ఎక్కడుందో పదో తరగతి పిల్లవాడికి అర్థమయ్యేలా చెప్పడమే పాత్రికేయం.

ఈ వృత్తిలో పడే గుంటలు కూడా చెప్పాలి. మొదటిది విజయగాథల మోజు. ‘ఎకరంలో లక్షలు’ అన్న శీర్షిక అందరికీ ఇష్టమే. ఈము పక్షుల పెంపకం మీకు గుర్తుండే ఉంటుంది. గుడ్డు వేలు పలుకుతుందని, మాంసానికి, నూనెకు తిరుగులేదని ఒకప్పుడు ఊరూరా చెప్పుకున్నారు. షెడ్లు వెలిశాయి, అప్పులు పుట్టాయి. నిజానికి కొన్నవారంతా పిల్లల్ని ఇంకొకరికి అమ్ముకోవడానికే కొన్నారు. చివరికి తినేవాడు ఎవడు అన్న ప్రశ్న అడిగినవారు తక్కువ. గొలుసు తెగగానే మేత ఖర్చు భరించలేక పక్షుల్ని వదిలేశారు. అప్పుడు పొలం గట్టు మీద నిలబడి ‘ఈ సరుకు చివరికి ఎవరు కొంటారు, ఎంతకు కొంటారు, నిరుటి బిల్లు చూపిస్తారా?’ అని మూడు ప్రశ్నలు అడిగిన విలేఖరి ఎక్కడున్నా, ఆ ఊరికి మేలు చేసినవాడే. ఇవాళ సెల్‌ఫోను వీడియోల్లో ఇలాంటివి రోజుకొకటి పుడుతున్నాయి. కాబట్టి ఆ మూడు ప్రశ్నల అవసరం ఇప్పుడు ఇంకా పెరిగింది.

రెండోది, కనబడని రైతును మరచిపోవడం. పట్టా ఎవరి పేరుతో ఉంటే వాళ్లే రైతు అని కాగితం అంటుంది. దున్నేది, విత్తేది, అప్పు చేసేది కౌలుదారు. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో కౌలుదారుల చట్టం వచ్చింది, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. 11 నెలల గుర్తింపు కార్డు కోసం భూ యజమాని ఒప్పుకోవాలి. కార్డు ఇస్తే భూమి పోతుందేమోనని యజమాని భయం, అడిగితే వచ్చే ఏడు కౌలుకు ఇవ్వడేమోనని కౌలుదారు భయం. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారులకే అందింది, కౌలుదారులకు అందలేదు. మన సముదాయంలో సొంత భూమి లేకుండా కౌలుకు చేసేవారు, తోటల కాపు కొనేవారు, గొర్రెలు మేకలు పెంచేవారు ఎంతమందో ఇక్కడున్న పెద్దలకు తెలుసు. వాన తప్పినా తుఫాను వచ్చినా నష్టం వారిది, పరిహారం జాబితాలో పేరు మాత్రం ఇంకొకరిది. ఈ సంగతి రాయాలంటే ఆ ఇంట్లో పుట్టి పెరిగిన పిల్లలకంటే బాగా ఎవరు రాయగలరు?

మూడోది, ఆడవారిని వదిలేయడం. 2015–16 వ్యవసాయ గణనలో దేశంలోని కమతాల్లో సుమారు 14 శాతం మాత్రమే మహిళల పేరున ఉన్నాయి. కలుపు తీసేది, నాటు వేసేది, పత్తి ఏరేది, పాలు పితికేది మాత్రం వారే. ఊళ్లోకి వెళ్లిన విలేఖరి అరుగు మీద మగవారితో మాట్లాడి తిరిగొస్తే సగం ఊరు మాట్లాడనట్టే. అప్పు ఎంతుందో, ఏ నగ తాకట్టులో ఉందో, ఏ పూట వంట మానేశారో ఇంటావిడకు తెలుసు. ఆ గడప దాటి లోపలికి వెళ్లి కూర్చోగలిగేది అమ్మాయే. మన ఆడపిల్లలు ఈ వృత్తిలోకి రావాలని మేము కోరడం వారికి దయ చూపమని కాదు. వారు రాకపోతే ఆ వార్తలు బయటికి రావు, అంతే.

జహీరాబాదు దగ్గర పల్లెల్లో ఏం జరిగిందో చూడండి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని పేద మహిళలు, చాలామంది దళిత మహిళలు, కెమెరాలు పట్టుకోవడం నేర్చుకున్నారు. వరంగల్ జిల్లాలో బీటీ పత్తి వేసిన రైతుల పొలాలకు వెళ్లి వారి మాటలు చిత్రీకరించారు. 2008లో మాచనూరులో ‘సంఘం రేడియో’ పెట్టి తమ పంటల గురించి, చిరుధాన్యాల గురించి, విత్తనాల గురించి తమ యాసలోనే చెప్పుకున్నారు. పెద్ద చదువులు లేనివారు చేయగలిగిన పని డిగ్రీ చదివిన మన పిల్లలు చేయలేరా?

ఉర్దూ తెలిసిన పిల్లలకు ఈ పనిలో ఒక సదుపాయం కూడా ఉంది. హైదరాబాదు పండ్ల మార్కెట్లో, గొర్రెల మండీల్లో, సీమ మామిడి తోటల బేరాల్లో ఎన్నో లావాదేవీలు దక్కనీలో నడుస్తాయి. ఢిల్లీ నుంచి, కాన్పూరు నుంచి వచ్చే కొనుగోలుదారుతో హిందుస్తానీలో మాట్లాడి, అదే పూట రైతుతో తెలుగులో మాట్లాడి, రెండు మాటలూ పోల్చి చూడగలిగితే అది విలేఖరికి ఎంతో బలం. ఇంట్లో ఊరికే వచ్చిన భాషను మన పిల్లలు బలహీనత అనుకుంటున్నారు. అది తీసేయండి.

చదువు సంగతి. రెండు దారులున్నాయి. ఒకటి, వ్యవసాయం చదివి రాయడం నేర్చుకోవడం. పదో తరగతి తర్వాత వ్యవసాయ పాలిటెక్నిక్ డిప్లమాలు ఉన్నాయి. ఇంటర్ బైపీసీ తర్వాత ఈఏపీసెట్ ద్వారా నాలుగేళ్ల బీఎస్సీ అగ్రికల్చర్ ఉంది. రైతు కుటుంబాల పిల్లలకు అందులో ప్రత్యేక కోటా ఉంది. చివరి ఏడాది విద్యార్థులు పల్లెల్లో ఉండి రైతులతో పని చేయాలి. ఆ నెలల్ని మొక్కుబడిగా గడపకుండా రోజూ రాసుకుంటే, అదే మొదటి పాత్రికేయ శిక్షణ. విస్తరణ విద్యలో పీజీ చేస్తే ఇంకా మంచిది. రెండో దారి, పాత్రికేయం చదివి వ్యవసాయం నేర్చుకోవడం. ఉస్మానియాలో 1954 నుంచి జర్నలిజం విభాగం ఉంది. మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో ఉర్దూ మాధ్యమంలోనే జర్నలిజం చదవవచ్చు. పత్రికలు నడిపే శిక్షణ పాఠశాలలున్నాయి. ఏ దారిన వచ్చినా రెండో సగం సొంతంగా నేర్చుకోక తప్పదు.

ఉద్యోగంలో చేరిన మొదటి మూడేళ్లు ఎలా గడపాలో మా పిల్లలకు చెప్పే మాటలే ఇక్కడ చెబుతాం. ఒక పంటను పట్టుకోండి. విత్తనం నుంచి మార్కెట్ దాకా రెండు సీజన్లు దానితో నడవండి. ఒక యార్డుకు వారానికోసారి తప్పకుండా వెళ్లండి, రాయడానికి ఏమీ లేకపోయినా. రైతులు, కౌలుదారులు, హమాలీలు, దడవాయిలు, ఎరువుల కొట్టువాళ్లు, కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలు, బ్యాంకు మేనేజర్లు, ఇలా వందమంది ఫోను నంబర్లు మీ పుస్తకంలో ఉండాలి. సాగు సలహా ఏదైనా ఒక శాస్త్రవేత్తతో సరిచూసుకోకుండా అచ్చుకు పంపవద్దు. రసాయనం పేరు, మోతాదు, లీటరుకా, ఎకరానికా అన్నది రెండోసారి చదివి వినిపించి ఔననిపించుకోండి. వాన పడని రోజు ఎవరి పొలం గురించి రాశారో, కోత అయ్యాక మళ్లీ ఆ పొలానికి వెళ్లండి. మొదటిసారి వెళ్లేవారు చాలామంది ఉంటారు, రెండోసారి వెళ్లేవారినే రైతు గుర్తుపెట్టుకుంటాడు. అధికారి చెప్పని లెక్కలను సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. పంటల బీమాలో ఖరీఫ్ పంటలకు రైతు వాటా 2 శాతం, రబీకి ఒకటిన్నర, వాణిజ్య పంటలకు 5 శాతం. ఇలాంటి అంకెలు నాలుక చివర ఉండాలి.

ఎంత ఎత్తుకు ఎదగవచ్చు అని అడుగుతారు. పి. సాయినాథ్ గారి సంగతి చూడండి. కరవు జిల్లాల్లో తిరిగి రాసిన కథనాలు 1996లో పుస్తకమయ్యాయి. అనంతపురం వంటి మన జిల్లాల రైతుల చావుల వెనుక కారణాలను దేశం ముందు పెట్టారు. 2007లో మెగసెసె పురస్కారం వచ్చింది. 2014లో ఆయన మొదలుపెట్టిన గ్రామీణ భారత జన భాండాగారం ‘పరి’ ఇవాళ తెలుగుతో సహా అనేక భారతీయ భాషల్లో పల్లె కథనాలు ప్రచురిస్తోంది. వ్యవసాయ పాత్రికేయానికి భారత వ్యవసాయ పరిశోధనా మండలి చౌదరి చరణ్ సింగ్ పేరిట పురస్కారాలు ఇచ్చింది. గుర్తింపు లేని రంగమేమీ కాదు.

డబ్బు సంగతి దాచిపెట్టం. మొదట్లో జీతం తక్కువ. మండలాల్లో పని చేసే విలేఖరులు చాలామందికి నెల జీతమే ఉండదు, అచ్చయిన వార్త కొలతను బట్టి ఇచ్చే డబ్బు పెట్రోలుకు చాలదు. అందుకే ఒకే కొమ్మ మీద కూర్చోవద్దంటాం. రాయడంతోపాటు వీడియో తీయడం, కూర్చడం, అనువాదం నేర్చుకోవాలి. హైదరాబాదు చుట్టూ ఎన్ని సంస్థలున్నాయో చూడండి. పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్, రాజేంద్రనగర్‌లో వరి పరిశోధనా సంస్థ, 1987 నుంచి విస్తరణ నిర్వహణ సంస్థ ‘మేనేజ్’, సంతోష్‌నగర్‌లో మెట్ట సేద్యపు పరిశోధనా సంస్థ ‘క్రీడా’. శాస్త్రవేత్త మాటను తెలుగులోకి తేటగా తెచ్చేవారు వీరందరికీ కావాలి. రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు, స్వచ్ఛంద సంస్థలకు, రేడియోకు కావాలి. నాలుగైదేళ్లు నిలబడి పేరు తెచ్చుకున్నవారికి పని కరవు ఉండదు.

పేరు తెచ్చుకున్నాకే అసలు పరీక్ష వస్తుంది. వ్యవసాయ పేజీలకు ప్రకటనలు ఇచ్చేది ఎక్కువగా విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు అమ్మేవారే. ప్రకటనను ప్రకటనగా వేస్తే తప్పు లేదు. దాన్ని రైతు అనుభవంలా, వార్తలా మార్చి రాయమన్నప్పుడే చిక్కు. 1997–98లో వరంగల్ ప్రాంతంలో పత్తి పోయి రైతులు ప్రాణాలు తీసుకున్నప్పుడు, చాలామంది నమ్మిన సలహాదారు అప్పుకు మందు ఇచ్చిన కొట్టువాడే. వేరే మాట చెప్పేవాడు అందుబాటులో లేకపోతే ఏమవుతుందో అప్పుడు రాష్ట్రమంతా చూసింది. రైతు పక్కన స్వార్థం లేని ఒక్క గొంతైనా ఉండాలి. మా వృత్తి ఉన్నది అందుకే.

ఇక దాతలకు మా విన్నపం. ఫీజు కట్టడం మంచి పని. అది చేస్తూనే ఉన్నారు. దానితోపాటు ఇంకొన్ని చేయవచ్చు. పిల్లలుండే హాస్టళ్లకు రెండు మూడు వ్యవసాయ పత్రికలు తెప్పించండి. ఖర్చు స్వల్పం. వ్యవసాయ పాలిటెక్నిక్ అనేది ఒకటి ఉందని పదో తరగతి పిల్లల తల్లిదండ్రులకు చెప్పండి. ఈ దారిలో అడుగుపెట్టిన పిల్లకో పిల్లవాడికో మొదటి రెండేళ్లు ఓపికగా అండగా ఉండండి. ‘పక్కింటి వాడు అప్పుడే కారు కొన్నాడు’ అని పోల్చవద్దని ఇంట్లో వారికి నచ్చజెప్పండి.

అన్నిటికంటే ముఖ్యమైనది మీ చేతుల్లోనే ఉంది. మీలో మిర్చి, పసుపు, మామిడి వ్యాపారం చేసేవారున్నారు. కమీషన్ ఏజెంట్లున్నారు. విత్తనాలు, ఎరువుల దుకాణాలు నడిపేవారున్నారు. కోల్డ్ స్టోరేజీలు ఉన్నవారున్నారు. వేసవి సెలవుల్లో ఈ పిల్లల్ని మీ దుకాణంలో, మీ మండీలో ఒక నెల కూర్చోబెట్టండి. సరుకు చేత్తో పట్టి నాణ్యం చెప్పడం నేర్పండి. ధర ఎలా పడుతుందో, ఎవరికి ఎంత మిగులుతుందో, లెక్కల పుస్తకం తెరిచి చూపించండి. ఏ కాలేజీలోనూ దొరకని చదువు అది, మీ దగ్గర తప్ప.

అలా నేర్చుకున్న పిల్ల రేపు విలేఖరి అయి, యార్డులో తూకం తరుగు గురించి రాయవచ్చు. మీ వీధిలో అమ్ముడుపోయిన నకిలీ విత్తనం గురించి రాయవచ్చు. అందులో మీకు తెలిసినవారి పేరు ఉండవచ్చు. ఫోను చేసి ‘మన డబ్బుతో చదువుకున్న పిల్లవు కదమ్మా, ఈసారికి వదిలేయ్’ అనాలనిపిస్తుంది. ఆ రోజు ఆ ఫోను చేయకండి. రాసినదాంట్లో తప్పు ఉంటే ఆధారం చూపించి సరిచేయమనండి, అది మీ హక్కు. తప్పు లేకపోతే ఊరుకోండి. మీరిచ్చిన డబ్బు అప్పు కాదు, దానికి వడ్డీగా ఆమె కలం మీకు రాసిచ్చినట్టు కాదు. అవతల ధాన్యం కుప్ప పక్కన కూర్చున్న రైతుకు ఆమె మాట మీద నమ్మకం నిలిచిందంటే, మీరు పెట్టిన ప్రతి రూపాయీ చేరవలసిన చోటికి చేరినట్టే.